గడప మీద ఎడమకాలు

తిమ్మప్పకు కవాతు అంటే ఒళ్లు మంట. ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు. చెలకలో నాగలి పట్టుకుని పొద్దంతా తిరగమంటే తిరుగుతాడు. బావిలో దిగి పూడిక తీయమంటే తీస్తాడు. కానీ ఎక్కడికీ పోకుండా, ఏ పనీ తెమలకుండా, ఎండలో బూట్లు నేలకేసి కొట్టుకుంటూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పోయి మళ్లీ వెనక్కి రావడం ఏ తెలివైనవాడు కనిపెట్టాడో అతనికి అంతుపట్టలేదు. పైగా బయల్దేరిన ప్రతిసారీ ఎడమకాలే ముందు పడాలట. పొద్దున్నే పనికి బయల్దేరే మనిషి ఎక్కడైనా ఎడమకాలు ముందు పెడతాడా?

అయినా పెట్టాలి. పెట్టకపోతే చెలక పోతుంది.

వనపర్తికీ కొత్తకోటకూ నడుమ చింతలగడి అని ఒక చిన్న సంస్థానం ఉండేది. చిన్నదంటే మరీ చిన్నది. అయినా సంస్థానం అన్నాక పల్టన్ లేకపోతే పరువేముంటుంది? అందుకని ఏ తాతల కాలంలోనో ఒక దొర పల్టన్ పెట్టాడు. సిపాయిలకు జీతమంటూ పెద్దగా లేదు. ఇంటికొక మనిషి పల్టన్‌లో నిలబడితే ఆ ఇంటికి దున్నుకోవడానికి ఒక చెలక. మనిషి తప్పుకుంటే చెలక తిరిగి దొర ఉండే గడికి పోతుంది. సిపాయిలు చేసే పనల్లా దసరాకు దొర పల్లకి వెనక నడవడం, మిగతా ఏడాది పెద్ద దర్వాజ దగ్గర వంతులవారీగా కునుకు తీయడం. నడక కూడా ఎవరిది వాళ్లదే. ఒకడు ముందు పోయేవాడు, ఇంకొకడు చుట్ట ముట్టించుకుని తాపీగా వెనక వచ్చేవాడు. ఏ దొరా ఏనాడూ ఏమీ అనలేదు.

తిమ్మప్ప ఎరిగిన దొర కాలం చేశాడు. కొడుకు ఇంకా పలకా బలపం పట్టే వయసు. పిల్లవాడు పెద్దయ్యేదాకా సంస్థానాన్ని చూసుకోమని హైదరాబాదు సర్కారు ఒక నాజిం సాబును పంపింది. ఇది జర్మనీ యుద్ధం రెండోసారి మొదలు కావడానికి కొంచెం ముందటి సంగతి. నాజిం సాబు సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట తక్కువ. వచ్చిన మర్నాడే పల్టన్‌ను చూసి, ఇదెందుకు అని అడిగాడు. నిజానికి దానికి జవాబు లేదు. అప్పుడాయన ఒక మాట తేల్చి చెప్పాడు. దసరానాడు పల్టన్ మైదానం నుంచి పెద్ద దర్వాజ గుండా గడి లోపలికి కవాతు చేస్తూ రావాలి. పల్టన్‌లాగా వస్తే ఉంచుతాను, సంతకు పోయే జనంలాగా వస్తే తీసేస్తాను అన్నాడు. తీసేయడమంటే చెలకలన్నీ సర్కారుకు పోవడమే.

తిమ్మప్ప ఇంటి చెలక మొదట అతని అన్న కురుమూర్తి పేరున ఉండేది. కురుమూర్తి పోయాక తమ్ముడు వచ్చి ఆ బూట్లలో కాళ్లు పెట్టాడు. ఇంట్లో వదిన సాయమ్మ, ఆమె ఇద్దరు ఆడపిల్లలు. సాయమ్మ కాపురానికి వచ్చేనాటికి తిమ్మప్పకు ఇంకా ముక్కు తుడుచుకోవడం రాదు. ఆమే తుడిచింది, ఆమే సాకింది. ఇప్పుడు ఆ ఇంటికి జొన్నలు వచ్చేది ఆ చెలక నుంచే, ఆముదాలు వచ్చేది దాని గట్ల నుంచే. అది పోతే సాయమ్మ పిల్లల్ని వెంటేసుకుని తట్ట, పార పట్టుకుని ఏ చెరువు కట్ట పనికో దేశం పోవాలి. అట్లా పోయి తిరిగిరానివాళ్ల ఇళ్లు ఆ ఊళ్లో ఉన్నాయి. వాటి గోడలు మొండిగా నిలబడి ఉంటాయి. తిమ్మప్ప వాటి పక్కనుంచి పోయినప్పుడల్లా చూపు తిప్పుకుంటాడు.

కవాతు నేర్పడానికి నాజిం సాబు ఒక జమేదారును పిలిపించాడు. పేరు ఆశీర్వాదం. నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి. మొదటి యుద్ధంలో మద్రాసు పటాలంతో సముద్రం దాటి వచ్చినవాడు. తల నెరిసింది గానీ నడుము వంగలేదు. అతనికి కవాతు మీద ఉన్నది ప్రేమే, వేరే మాట లేదు. బాగా నడిచిన వరుసను చూస్తే అతని కళ్లు చెమర్చేవి. బాగా నడవని వరుసను చూస్తే అతని నోటి నుంచి వచ్చే మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

కిరస్తానీ మనిషి తమను అదిలించడమేమిటని పల్టన్‌లో కొందరు ముఖాలు చిట్లించారు. వాళ్లలో బాలయ్య అనే వాచాలుడు మొదటిరోజే తన నీళ్లముంతను తీసుకుపోయి దూరంగా పెట్టుకున్నాడు. ఆశీర్వాదం చూశాడు. మిగతావాళ్లను నీడకు పంపి, బాలయ్యను మాత్రం ఉన్నచోటనే కాళ్లు ఎత్తి దించమన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దించుతూనే ఉన్నాడు బాలయ్య. ఆ తర్వాత ముంత ఎక్కడ పెట్టిందీ అతనికే గుర్తు లేదు. జమేదారే వెతికి తెచ్చి చేతికిచ్చాడు. బాలయ్య గటగటా తాగాడు.

తిమ్మప్ప తిప్పలు వేరు. మామూలుగా నడిస్తే బాగానే నడుస్తాడు. "క్విక్ మార్చ్" అని వినపడగానే కుడిచెయ్యి, కుడికాలు కలిసి లేస్తాయి, ఎడమచెయ్యి, ఎడమకాలు కలిసి లేస్తాయి. ఎంత విదిలించుకున్నా అంతే. పల్టన్ పల్టనంతా నవ్వేది. జమేదారు నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే తిమ్మప్పకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి వచ్చి, ఇక నావల్ల కాదు అన్నాడు. సాయమ్మ అప్పుడు వాకిట్లో జొన్నలు దంచుతోంది. రోకలి ఆపలేదు. తన దెబ్బకు అడుగు వేయమంది. పెద్ద దెబ్బకు ఎడమకాలు, చిన్న దెబ్బకు కుడికాలు. చేతుల సంగతి మర్చిపో అంది. తిమ్మప్ప సిగ్గుపడుతూనే నడిచాడు. పిల్లలిద్దరూ అతని వెనక వరుస కట్టి నడిచారు. జొన్నలు అయిపోయాక ఆమె ఊరికే ఖాళీ రోలు దంచింది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి వింతగా చూసినా ఆపలేదు. అట్లా రోజూ సాయంత్రం దంచి దంచి ఆమె చేతులు బొబ్బలెక్కాయి. ఒకనాడు తిమ్మప్ప తన చేతుల వంక చూసుకుంటే అవి వాటంతటవే సరిగ్గా ఊగుతున్నాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు మైదానంలో ఒక చిత్రం జరిగింది. పొద్దుటి చలిలో పల్టన్ నాలుగేసి మంది వరుసలుగా బయల్దేరింది. మైదానం సగం దాటేసరికి అడుగుల చప్పుళ్లన్నీ కలిసి ఒకే చప్పుడైపోయాయి. తన కాలు ఏదో, పక్కవాడి కాలు ఏదో తిమ్మప్పకు తెలియలేదు. కవాతును తిట్టుకోవడం కూడా మర్చిపోయాడు. అతనికి సంతోషం కలిగింది. అన్న పోయినప్పటి నుంచి ఇంటి బరువంతా ఒక్కడే మోస్తున్నట్టుండేది. ఆ కాసేపు అది అందరి భుజాల మీదికీ పంచుకుపోయినట్టు తోచింది. "హాల్ట్" అన్నప్పుడు అయ్యో అప్పుడేనా అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తనమీద తనకే ఆశ్చర్యం వేసింది.

జమేదారు ఆరోజే తిమ్మప్పను ముందు వరుసలో కుడి చివర నిలబెట్టాడు. అక్కడ నిలబడ్డవాణ్ని చూసే మిగతా పల్టనంతా అడుగు సరిచూసుకుంటుంది. అతను తప్పితే అందరూ తప్పుతారు.

ఇక దర్వాజలోంచి నడిచి చూద్దామన్నాడు జమేదారు. అక్కడ కొంప మునిగింది.

మైదానం దాటి దర్వాజ దాకా పల్టన్ ఒక్క మనిషిలాగా వచ్చింది. దర్వాజ దగ్గరికి రాగానే చెదిరింది. ఒకడు అడుగు చిన్నది చేశాడు, ఇంకొకడు గెంతాడు, బాలయ్య ఏకంగా ఆగి, కాలు మార్చుకుని మరీ దాటాడు. వెనకవాళ్లు ముందువాళ్ల మడమలు తొక్కారు. గడి లోపలికి చేరేసరికి అచ్చం సంతకు పోయే జనమే. మళ్లీ నడిపించాడు, మళ్లీ అంతే. జమేదారు తిట్టాడు, బతిమాలాడు, చివరికి టోపీ తీసి నేలకు కొట్టాడు. ఆ టోపీ మీద మద్రాసు పటాలం బిళ్ల ఉంది. దాన్ని నేలకు కొట్టిన మనిషి ఎంత నొచ్చుకుని ఉంటాడో ఆలోచించుకోవచ్చు.

తప్పు ఎక్కడుందో సిపాయిలందరికీ తెలుసు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ దర్వాజ కింద అడ్డంగా ఒక రాతి గడప ఉంది. నాలుగు వేళ్ల ఎత్తు, మూరెడు వెడల్పు. బండ్లూ గుర్రాలూ పక్క దర్వాజ నుంచి పోతాయి గానీ దీని మీది నుంచి పోవు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. ఇంటి గడప తొక్కడమే తప్పు. ఇది ఊరి గడప, దాని కింద గడి ఎల్లమ్మ ఉందని నమ్మకం. ఎవరైనా సరే దాన్ని తొక్కకుండా కుడికాలు ముందు పెట్టి దాటాలి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అట్లా దాటినవాళ్లే అందరూ. బుర్ర చెప్పినా వాళ్ల కాళ్లు వినవు.

ఆ సాయంత్రం జమేదారు ఒంటరిగా మైదానంలో కూర్చుని ఉంటే తిమ్మప్ప పోయి సంగతంతా చెప్పాడు. గడప గురించి చెప్పాడు. తన అన్న గురించి కూడా చెప్పాడు. ఒకనాడు కురుమూర్తి పహరాకు ఆలస్యమై పరుగెత్తుకుంటూ వచ్చి, చూసుకోకుండా ఎడమకాలితో ఆ గడపను తొక్కాడు. ఆ వారమే గత్తర, అదే కలరా, తగిలి పోయాడు. గత్తర ఆ ఏడు ఊరంతా వచ్చిందనీ, గడప జోలికి పోనివాళ్లను కూడా తీసుకుపోయిందనీ ఎవరెంత చెప్పినా సాయమ్మ చెవికెక్కించుకోలేదు. ఆనాటి నుంచి ఆ గడపకు పసుపు పూసే పని ఆమే అడిగి తీసుకుంది. మొగుడి తప్పును తాను కడుగుతున్నానని ఆమె అనుకుంటుంది.

"మా వదినె నన్ను గూడ గా గడప కాడ్నే పోగొట్టుకుంటనని భయపడ్తది సాబ్," అన్నాడు తిమ్మప్ప.

జమేదారు నవ్వుతాడేమో అనుకున్నాడు. ఆశీర్వాదం నవ్వలేదు. తన పెండ్లినాడు చర్చి నుంచి ఇంటికి వస్తే తన తల్లి కూడా కోడలికి కుడికాలు పెట్టి రమ్మని చెప్పిందని గుర్తు చేసుకున్నాడు. "ఏసయ్యకు మొక్కుకుంటనే చెప్పిందిరా," అన్నాడు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత లేచి, సున్నం తట్ట తెమ్మన్నాడు.

గడపను మార్చలేం, కాళ్లను మార్చలేం. కాబట్టి బయల్దేరే చోటు మార్చాలి. అదీ అతని ఆలోచన. తిమ్మప్పను గడప అవతల నిలబెట్టి, అక్కడి నుంచి వెనక్కి అడుగులు కొలుచుకుంటూ మైదానంలోకి వచ్చి ఒక సున్నపు గీత గీశాడు. ఆ గీత మీద నుంచి ఎడమకాలితో బయల్దేరితే సరిగ్గా గడప దగ్గరికి వచ్చేసరికి కుడికాలు లేస్తుంది, గడప దాటి అవతల పడుతుంది. వరుసకూ వరుసకూ నడుమ ఎడం కూడా తగ్గట్టు సర్దాడు. ముందు వరుస ఏ కాలితో దాటితే వెనక వరుసలన్నీ అదే కాలితో దాటుతాయి. మర్నాడు నడిపించారు. పల్టన్ దర్వాజలోంచి నీళ్లు పారినట్టు పారింది. ఒక్కడు కూడా తడబడలేదు, ఎల్లమ్మను ఒక్కడూ తొక్కలేదు. జమేదారు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

దసరానాడు పొద్దున్నే సాయమ్మ గడపకు మందంగా పసుపు పూసింది. బియ్యప్పిండితో ముగ్గు వేసింది. మైదానానికి పోతున్న తిమ్మప్పను ఆపి, బొట్టు పెట్టింది.

"ఎవ్వలేం జేసినా నువ్వు మాత్రం కుడికాలు పెట్టి దాటు బిడ్డా. మీ అన్న లెక్క చెయ్యకు," అంది.

"గీత గీసిండ్రు వదినా. అడుగు తప్పదు," అన్నాడు తిమ్మప్ప ధైర్యంగా.

గడి ముందు జనం గుమిగూడారు. దర్వాజకు రెండు పక్కలా ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. గడపకు కుడిపక్క సాయమ్మ ఉంది. పల్టన్ సున్నపు గీత మీద నిలబడింది. జమేదారు గొంతెత్తాడు. ఎడమకాళ్లన్నీ ఒక్కసారి లేచాయి.

అంతా అనుకున్నట్టే సాగేది, నాజిం సాబు లోపలే కూర్చుని ఉంటే. ఆయన కూర్చోలేదు. దర్వాజ దాటి బయటికి వచ్చి, పల్టన్‌కు ఎదురు నడిచి చెయ్యెత్తాడు. జమేదారు "హాల్ట్" అనక తప్పలేదు. సాబు వరుసల మధ్య తిరిగి తుపాకులు చూశాడు, గుండీలు చూశాడు, బాలయ్య బూటు లేసు వదులైందని వేలితో చూపించాడు. తర్వాత వెనక్కి పోతూ, ఇక రమ్మని చెప్పి గడి లోపల మెట్ల మీద నిలబడ్డాడు. ఆయన చూపు సరిగ్గా దర్వాజ మీదే ఉంది.

గీత నుంచి జమేదారు కొలిచిన లెక్కంతా తప్పింది. మళ్లీ గీత మీదికి పోతామని అడగడానికి లేదు. నిలబడ్డ చోటి నుంచే కదలాలి. అతను తిమ్మప్ప వంక చూశాడు. ఆర్డరు వచ్చింది. పల్టన్ కదిలింది.

రెండు మూడడుగులు పడగానే తిమ్మప్పకు తెలిసిపోయింది. ఎడమకాలు పడబోతోంది. అదీ గడప అవతల కాదు, సరిగ్గా గడప మీద, పసుపు నడిమధ్యన. కాలు మార్చుకుంటే వెనకున్న వరుసలన్నీ మార్చుకోబోయి చెదిరిపోతాయి. చెలకలు పోతాయి. మార్చుకోకపోతే అన్న తొక్కినట్టే తొక్కాలి. అతనికి భయం వేసింది. గత్తరతో వాంతులు చేసుకుంటూ నులక మంచం మీద ముడుచుకుపోయిన అన్న కళ్లముందు మెదిలాడు. కాలు దానంతటది వెనక్కి లాగుతోంది.

సాయమ్మ చూపు గడప మీదికి వస్తున్న బూట్ల మీద ఉంది. ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెద్ద దెబ్బకు ఎడమకాలు, చిన్న దెబ్బకు కుడికాలు అని ఆ నడకను రోకలి పట్టుకుని దంచి నేర్పింది ఆమే. ఏం జరగబోతోందో తిమ్మప్పతో పాటే ఆమెకూ తెలిసింది. తిమ్మప్ప తల తిప్పకూడదు, తిప్పలేదు. కంటి చివర నుంచి ఆమె ముఖం కనిపించింది. ఆ ముఖం చూశాక కాలు మార్చుకుందామనే అనుకున్నాడు. చెలక పోతే పోనీ అనుకున్నాడు.

"తొక్కు," అంది సాయమ్మ.

గట్టిగా అనలేదు. అతనికి వినపడేంతే అంది.

"తొక్కురా తిమ్మప్పా. నేను చెప్తున్న."

తిమ్మప్ప ఎడమకాలు ఎత్తి గడప నడిమధ్యన దించాడు. మెల్లగా కాదు, జమేదారు నేర్పినట్టు మడమ మోగేలా దించాడు. అతని పక్కనున్న ముగ్గురి కాళ్లూ అప్పుడే దిగాయి. రాయి మోగింది. రెండో వరుస వచ్చింది, మూడో వరుస వచ్చింది, వరుస తర్వాత వరుస ఎడమకాలితో ఎల్లమ్మ గడపను తొక్కుకుంటూ లోపలికి వచ్చాయి. ఒక్క అడుగు చెదరలేదు. బాలయ్య కళ్లు మూసుకుని దాటానని ఆ తర్వాత బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు. మెట్ల మీద నాజిం సాబు తల ఊపి, పక్కనున్న గుమాస్తాతో పల్టన్ ఉంటుందని చెప్పాడు. ఆయనకు తెలిసింది అంతే. అక్కడ ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు.

పల్టన్‌ను వదిలేశాక సిపాయిలెవరూ కేకలు వేయలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు పోయారు. జమేదారు తిమ్మప్ప భుజం మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉంచాడు.

తిమ్మప్ప దర్వాజ దగ్గరికి వచ్చేసరికి సాయమ్మ మోకాళ్ల మీద కూర్చుని గడప కడుగుతోంది. ముగ్గు లేదు, పసుపు నిండా బూట్ల అచ్చులు. నీళ్లు పోసి, చేత్తో రుద్ది, మళ్లీ పసుపు పూసింది.

"వదినా," అన్నాడు తిమ్మప్ప.

"నేను చెప్తెనే తొక్కినవు," అంది ఆమె తల ఎత్తకుండా. "ఏమన్నైతె నాకే కానీ. నీకేం గాదు. ఎల్లమ్మ గూడ ఆడిదే గదా, పిల్లలున్న ఇల్లు ఆమెకు తెల్వదా?"

ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. దారిలో వాళ్ల చెలక తగిలింది. జొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. సాయమ్మ ఆగి ఒక కంకిని వంచి చూసి వదిలేసింది. ఇంటికి చేరగానే ఆమె ముందు లోపలికి పోయింది. తిమ్మప్ప మాత్రం గడప ముందు ఆగిపోయాడు. తన ఇంటి గడపే, పుట్టిన నాటి నుంచి దాటుతున్న గడపే. ఏ కాలు లేపాలో తోచక రెండు కాళ్లూ నేలకు అతుక్కుపోయినట్టు నిలబడ్డాడు. ఇన్నాళ్లూ కవాతు నేర్చిన మనిషికి ఒక్క అడుగు వేయడం రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సాయమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి చూసింది. ఆ గడపలోంచి ఒకప్పుడు మొగుణ్ని మోసుకుపోయారు. ఆమె చూస్తూనే ఉంది గానీ, కుడికాలు పెట్టమని మాత్రం అనలేదు.

"ఏ కాలన్న పెట్టురా," అంది. "ముందుగాల లోపటికి రా. బువ్వ సల్లారుతుంది."